మన లోపాల్ని చూసుకోవడానికి టారో: ఏ పేక కొనాలి, ఎలా వాడాలి, ఎప్పుడు కట్టిపెట్టాలి

టారో పేక కొనాలనుకుంటున్నాం, ఏది మంచిది అని అడిగేవాళ్లను నేను ముందుగా ఒక మాట అడుగుతాను. మీరు చూసుకోవాలనుకుంటున్నది మీరు చేస్తున్న పనినా, మీరు నమ్ముతున్న మాటనా? పెళ్లి ఎప్పుడవుతుంది, వీసా వస్తుందా, ఇల్లు కొంటామా అని తెలుసుకోవడానికైతే నా దగ్గర సలహా ఏమీ లేదు. జోస్యం చెప్పడానికి చాలామంది వాడే ఈ బొమ్మల ముక్కలకు రేపటి సంగతి తెలుసునని నేను నమ్మను. నాలో ఉన్న దుర్గుణాన్నీ, నన్ను నేను కట్టేసుకున్న నమ్మకాన్నీ ఎదురుగా పెట్టుకుని చూడటానికి మాత్రం ఈ బొమ్మలు ఆరేళ్లుగా నాకు పనికొస్తున్నాయి. ఆ ఒక్క అవసరం కోసమే ఎంచుకోవాలంటే ఏ పేక మేలు, ఎలా వాడితే మేలు, ఒంటరిగా చూసుకోవాలా మరొకరిని కూర్చోబెట్టుకోవాలా, ఎక్కడ వీటిని కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి అన్నవి నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఆ పనికీ మాటకీ ఉన్న తేడా. సాయంత్రమైతే రెండు పెగ్గులు, అక్కర్లేని వస్తువులు ఆన్‌లైన్‌లో కొనడం, పిల్లల మీద అరవడం, రాత్రి ఒంటిగంట దాకా ఫోను, ఇవన్నీ చేసే పనులు. 'నాకు లెక్కలు రావు', 'మా ఇంటావంటా వ్యాపారం అచ్చిరాదు', 'ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాను', ఇవి నమ్మే మాటలు. మొదటి రకంలో కాస్త సుఖం ఉంటుంది, దానితోపాటు సిగ్గూ ఉంటుంది. అందుకని దాచుకుంటాం. రెండో రకాన్ని దాచుకోం. పెళ్లిభోజనాల దగ్గర నలుగురిలో కూర్చుని ధైర్యంగా చెప్పేస్తాం, ఎందుకంటే అది మనకు లోపంలా కనిపించదు, ఉన్న నిజంలా కనిపిస్తుంది. ఒకటి తెలిసి దాచేది, ఒకటి తెలియక మోసేది. రెండింటికీ ఒకే పద్ధతి సరిపడదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ రెండూ ఒకే కుదురులోవని గుర్తించినవాళ్లు పూర్వం ఉన్నారు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో సాధన చేసిన ఎవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి మనిషిని పడగొట్టేవి ఎనిమిదింటిని లెక్కపెట్టి, వాటిని 'ఆలోచనలు' అన్నాడు. తిండి యావ, కోపం, గర్వం సరే, వాటి పక్కనే దిగులునూ, మిట్టమధ్యాహ్నం 'ఇదంతా ఎందుకు' అనిపించే నిరుత్సాహాన్నీ చేర్చాడు. ఆరో శతాబ్దం చివర్లో పోప్ గ్రెగరీ ఆ జాబితాను సవరించి ఏడుకు కుదించాడు. టారో పుట్టిన ఇటలీ ఈ లెక్కలన్నీ గోడల మీద బొమ్మలుగా గీసుకున్న నేల. పాదువాలోని స్క్రోవెన్యి ప్రార్థనామందిరంలో 1305 ప్రాంతంలో జొత్తో ఏడు సద్గుణాలనూ, ఏడు దుర్గుణాలనూ ఎదురెదురుగా చిత్రించాడు. అందులో మూర్ఖత్వం తల మీద ఈకలు పెట్టుకుని ఉంటుంది. నూటయాభై ఏళ్ల తర్వాత మిలాన్ పాలకుల కోసం గీసిన విస్కాంటి-స్ఫోర్జా టారోలో పిచ్చివాడు అనే ముక్క మీది మనిషి జుట్టులోనూ ఈకలే ఉన్నాయి.

టారో మొదట ఒక ఆట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో మొదలైంది. మొత్తం 78 ముక్కలు. అందులో 56 మన పేకలాగే నాలుగు రంగులవి: కప్పులు, కర్రలు, నాణేలు, కత్తులు. కత్తిని ఇటాలియన్‌లో స్పాదా అంటారు. మనం పేకాటలో అనే ఇస్పేటు కూడా మూలంలో ఆ కత్తి వంశానిదే. మిగిలిన 22 పెద్ద ముక్కలు, డెవిల్, లవర్స్ లాంటి పేర్లున్నవి. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబలాన్ అనే పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని రాశాడు. ఆధారం ఏమీ లేదు. జోస్యంగా దీనికి పెద్ద ప్రచారం వచ్చింది మాత్రం ఆ తర్వాతే. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, భవిష్యత్తు చెప్పడం ఈ ముక్కలకు తర్వాత అంటిన పని. గుణదోషాల బొమ్మలు మాత్రం మొదటినుంచీ వీటిలో ఉన్నాయి.

ఒకే ముక్క, మూడు పేకలు

నా దుర్గుణం నోరు. ఆఫీసులో నన్ను అందరూ నెమ్మదస్తుల్లో కలుపుతారు. ఇంట్లో మాత్రం వాదన మొదలైతే గెలిచేదాకా వదలను. మన పెద్దలు చెప్పిన సప్తవ్యసనాల్లో జూదం, తాగుడు, వేటల సరసనే వాక్పారుష్యం, అంటే పరుషంగా మాట్లాడటం కూడా ఉంది. అది వ్యసనం ఎలా అవుతుందో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఒక మాట విసరగానే ఎదుటివాళ్ల ముఖం వాడిపోవడం, ఆ క్షణంలో లోపల ఒక చిన్న తృప్తి, మర్నాడు మళ్లీ దానికోసమే నోరు లేవడం గమనించాక అర్థమైంది. ఈ లోపానికి నేను ఎంచుకున్న ముక్క ఐదు కత్తులు. దాన్నే మూడు పేకల్లో పక్కపక్కన పెట్టి చూస్తే ఏది దేనికి పనికొస్తుందో తేలిపోతుంది.

మార్సేయ్ టారో పాతది. ఇప్పుడు దొరికేవాటిలో చాలావాటికి 1760లో నికొలా కొన్వేర్ చెక్కించిన పేకే మాతృక. ఇందులో పెద్ద ముక్కల మీద మనుషులుంటారు కానీ అంకెల ముక్కల మీద ఉండరు. ఐదు కత్తులంటే నాలుగు వంపు కత్తులు కోడిగుడ్డు ఆకారంలో అల్లుకుని ఉంటాయి, నడుమ ఒకటి నిటారుగా ఉంటుంది. అంతే. ఇస్పేటు ఐదును చూసి మన గురించి మనం ఎంత ఆలోచించగలమో దీన్ని చూసీ అంతే. అంకెల అర్థాలు చదువుకుని, సాధన చేసి, దీనితోనే అద్భుతంగా ఆలోచించేవాళ్లున్నారు. లోపాన్ని చూసుకోవడానికి మొదటిసారి కూర్చునే మనిషికి మాత్రం ఇది మూసిన తలుపు.

రెండోది 1909 డిసెంబరులో లండన్‌లో వచ్చిన రైడర్-వెయిట్-స్మిత్ పేక. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. ఆమె పేరు పేక పేరులో చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఆ పనికి ఆమెకు దక్కిన డబ్బు కూడా చాలా తక్కువ. ఆమె నాటకరంగంలో పనిచేసిన మనిషి. అంకెల ముక్కలన్నిటినీ రంగస్థలం మీది సన్నివేశాల్లా గీసింది. ఐదు కత్తుల ముక్కలో ముందు ఒకడు నిలబడి ఉంటాడు. భుజానికి రెండు కత్తులు, చేతిలో ఒకటి, నేల మీద మరో రెండు. వెనక్కి తిరిగి చూస్తూ నవ్వుతుంటాడు. దూరంగా ఇద్దరు ఓడి వెళ్లిపోతుంటారు. ఆకాశంలో మేఘాలు చిరిగిన గుడ్డల్లా ఉంటాయి. నేను ఈ ముక్కను మొదటిసారి సరిగ్గా చూసింది ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ అయిన తర్వాత. ఆ నవ్వు నాకు తెలుసు. అరగంట క్రితం నా ముఖం మీద ఉన్నది అదే.

మూడోది థోత్ టారో. గుప్తవిద్యల రచయిత అలిస్టర్ క్రౌలీ చెప్పగా ఫ్రీడా హారిస్ 1938 నుంచి 1943 దాకా చిత్రించింది. పేకగా అచ్చయింది 1969లో, అప్పటికి ఇద్దరూ లేరు. చిత్రకళగా చూస్తే మూడింటిలో ఇదే గొప్పది అనిపిస్తుంది నాకు. కానీ అంకెల ముక్కల అడుగున ఒక్కొక్క ఇంగ్లీషు మాట అచ్చువేసి ఉంటుంది. ఐదు కత్తుల కింద 'ఓటమి' అని అర్థమిచ్చే మాట ఉంది. పైన కత్తులు తలకిందులైన నక్షత్రంలా ఉంటాయి. మనిషి లేడు, నవ్వు లేదు, వెళ్లిపోతున్నవాళ్లు లేరు. నేను గెలిచానని అనుకుంటున్నప్పుడు అది ఓటమి అని ముక్కే తీర్పు చెప్పేస్తే, ఆ తీర్పును ఒప్పుకోవడమో కాదనడమో తప్ప నాకు పని మిగలదు. అయితే మెత్తని మాటలతో తమను తాము ఏమార్చుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఆ మొహమాటం లేని పేర్లే మేలు చేయవచ్చు. ఏడు కప్పులకు విచ్చలవిడితనం, ఎనిమిది కప్పులకు సోమరితనం అని పేర్లు పెట్టిన పేక ఇది.

నా ఎంపిక రెండోదే. లోపం ఒక కథలో జరుగుతుంది, కథకు మనుషులు కావాలి. పైగా ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. స్మిత్ 1951లో కన్నుమూశారు. మన దేశంలో కాపీహక్కు కర్త మరణం తర్వాత 60 ఏళ్లు. 1909 నాటి ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కావలసిన ఒక్క ముక్కను కాగితం మీద అచ్చు తీసుకున్నా సరిపోతుంది. రంగులు మార్చి, కొత్త బొమ్మలతో వచ్చిన పేకలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఈ సన్నివేశాలే ఉంటే ఏదైనా పరవాలేదు.

ఒరాకిల్ కార్డులని అమ్మేవి వేరు. వాటికి ఇన్ని ముక్కలని, ఇన్ని రంగులని కట్టడి ఉండదు. తయారుచేసినవాళ్ల ఇష్టం. నేను చూసినవన్నీ 'నువ్వు చాలు', 'వెలుగు నీలోనే ఉంది' తరహా మాటలే. బాధలో ఉన్నవాళ్లకు ఓదార్పుగా బాగుంటాయి. దుర్గుణాన్ని చూసుకోవడానికి మాత్రం కొనకండి.

అరిషడ్వర్గాలకు ఏ ముక్కలు

మనకు దుర్గుణాల లెక్క అనగానే కామక్రోధాదులే గుర్తొస్తాయి. ఆ ఆరింటికీ ఈ పేకలో ముక్కలు వెతికితే, కొన్నిటికి తేలికగా దొరుకుతాయి, కొన్నిటికి దొరకవు.

కామానికి, అంటే కోరిక దేనిమీదైనా సరే, పదిహేనో ముక్క డెవిల్. రాతి దిమ్మె మీద కొమ్ముల దయ్యం, కింద ఒక మగా, ఒక ఆడా, మెడల్లో గొలుసులు. గొలుసులు వదులుగా ఉన్నాయని, తల మీదుగా తీసేయవచ్చని అందరూ చెబుతారు. నిజమే, కానీ వ్యసనంలో ఉన్న మనిషికి ఆ మాట పెద్దగా సాయపడదు. తీసేయవచ్చని తెలియకనా ఉంచుకున్నది? నాకు ఎక్కువ పనికొచ్చిన పద్ధతి దాని పక్కన ఆరో ముక్క లవర్స్‌ను పెట్టడం. రెండింటిలోనూ అదే అమరిక: పైన రెక్కలున్న ఆకారం, కింద ఆ జంటే. ఒకదానిలో పళ్లచెట్టూ మంటలచెట్టూ ఉంటే రెండోదానిలో అవే తోకలుగా మారాయి. 'మొదట్లో ఇది నాకేమిచ్చింది' అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. రాత్రి ఫోను నాకు మొదట్లో ఇచ్చింది ఇల్లంతా పడుకున్నాక దొరికే ఒక గంట ఏకాంతం. ఆ గంటను మరోలా సంపాదించుకోకుండా ఫోను ఒక్కటే మానేద్దామంటే కుదరలేదు.

క్రోధానికి నేరుగా ముక్క లేదు. కోపాన్ని పట్టుకునే ముక్క ఉంది, ఎనిమిదోది, స్ట్రెంగ్త్. స్మిత్ బొమ్మలో తెల్లని దుస్తుల్లో ఒక స్త్రీ సింహం దవడల మీద చేతులుంచి నిలబడుతుంది. బలప్రయోగం కనిపించదు, సింహం తోక ముడుచుకుని ఉంటుంది. విస్కాంటి-స్ఫోర్జా పేకలో ఇదే ముక్కలో ఒక మగవాడు దుడ్డుకర్ర ఎత్తి సింహాన్ని కొట్టబోతుంటాడు. ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కన చూడండి. కోపాన్ని అణచుకోవాలని నేను ఏళ్ల తరబడి చేసింది రెండోది. పళ్లు బిగబట్టి, దాన్ని కొట్టి కూర్చోబెట్టడం. అది మూడురోజులు కూర్చునేది, నాలుగోరోజు లేచేది.

లోభానికి నాలుగు నాణేల ముక్క ఉన్నంత సూటిగా మరొకటి లేదు. కిరీటం మీద ఒక నాణెం, రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఒకటి, కాళ్ల కింద చెరొకటి. చేతులు ఖాళీ లేవు, లేచి నడిస్తే కాళ్ల కిందివి పోతాయి. వెనక ఊరంతా ఉంది, ఇతను దానికి వీపు పెట్టాడు. డబ్బు విషయమే కాదు, పని మరొకరికి అప్పగించలేని వాళ్లకూ, పిల్లల్ని పక్క ఊరి కాలేజీకి పంపలేని తల్లిదండ్రులకూ ఈ ముక్క చూపించదగ్గది. మోహానికి ఏడు కప్పులు: మేఘాల్లో తేలే కప్పుల నిండా కోట, నగలు, పాము, విజయమాల, ఎదురుగా నల్లని నీడలాంటి మనిషి. మదానికి పదహారో ముక్క టవర్, పిడుగు పడి గోపురం మీది కిరీటం ఎగిరిపోయేది.

మాత్సర్యానికి ముక్క లేదు. చాలాకాలం వెతికాను. జొత్తో గోడ మీద మాత్రం అసూయ ఉంది: నోట్లోంచి వచ్చిన పాము వెనక్కి తిరిగి ఆమె కళ్లవైపే పడగెత్తుతుంది, కాళ్ల కింద మంట, చేతిలో వదలని సంచి. అంత బొమ్మ పేకలోకి రాలేదు. చివరికి నాకు తట్టింది ఏమిటంటే, అసూయ చెడ్డ ముక్కల్లో దొరకదు. మూడు కప్పులని ఒక ముక్క ఉంది. ముగ్గురు స్త్రీలు కప్పులు ఎత్తి ఆడుతుంటారు, కింద పళ్లు, గుమ్మడికాయలు. సంతోషపు ముక్క. ఒకసారి దాన్ని చూడగానే నాకు అమెరికాలో స్థిరపడిన నా పెదనాన్న కూతుళ్లు ముగ్గురూ కలిసి దిగిన ఫొటో గుర్తొచ్చింది, లోపల చురుక్కుమంది. మంచి ముక్క ఏదైనా మీకు గుచ్చుకుంటే అక్కడ ఆగండి. పది నాణేలు, నాలుగు కర్రలు, సూర్యుడు, వీటిలో ఏది చూస్తే ముఖం తిప్పుకోవాలనిపిస్తుందో అదే మీ మాత్సర్యం.

చూసి ఎంచుకోవాలా, బోర్లించి తీయాలా

టారో అనగానే పేక కలిపి, బోర్లించి, ఒకటి తీయడమే అనుకుంటారు. మన బస్టాండుల దగ్గర చిలుక పంజరంలోంచి వచ్చి ఒక కార్డు లాగే దృశ్యం మన మనసుల్లో ఉంది కనుక అలా అనుకోవడం సహజం. లోపాల విషయంలో నేను చెప్పేది ఇది: దాచుకున్న పనికైతే ముక్కల్ని తెరిచి పరచి, చూసి ఎంచుకోండి. నమ్మేసిన మాటకైతే బోర్లించి తీయండి.

చేసే పని ఏమిటో మనకు తెలుసు. బోర్లించి తీస్తే తప్పించుకోవడానికి దారి దొరుకుతుంది. తాగుడు గురించి కూర్చున్నవాడికి సూర్యుడి ముక్క వస్తే 'అంతా మంచే' అనుకుని లేచిపోతాడు, నచ్చనిది వస్తే మళ్లీ కలుపుతాడు. 78 ముక్కల్నీ చాప మీద బొమ్మలు కనపడేలా పరచి, ఒక పావుగంట చూసి, 'ఇది నేనే' అనిపించిన దాన్ని చేత్తో తీసినప్పుడు ఆ ఒప్పుకోలు మనదే అవుతుంది. ఐదు కత్తుల్ని నేను తీసింది అలాగే.

నమ్మే మాటకు ఇది పనిచేయదు. లోపమని తెలియనిదాన్ని ఎలా ఎంచుకుంటాం? అక్కడ యాదృచ్ఛికంగా వచ్చిన బొమ్మ సాయం కావాలి. ఒకే ఒక్కసారి తీయాలి, ఏది వస్తే అదే. తీశాక పుస్తకంలో అర్థం చూడకూడదు. బొమ్మలోని మనిషి నోట ఏ మాట వినిపిస్తోందో ఒక వాక్యం రాయాలి. నాకు అలా వచ్చింది ఎనిమిది కత్తులు. కళ్లకు గంతలు, చేతులు వెనక్కి కట్టి ఉన్న స్త్రీ, ఆమె చుట్టూ నేలలో గుచ్చిన కత్తులు. ఆలోచించకుండా నేను రాసిన వాక్యం: 'తమ్ముడు చూసుకుంటాడులే.'

ఆ వాక్యం చూసి చాలాసేపు కదల్లేదు. పదో తరగతిలో లెక్కల్లో 38 వచ్చినప్పటినుంచి నాకు లెక్కలు రావన్నది ఇంట్లో ఖాయమైన సంగతి. ఉద్యోగం వచ్చాక కూడా నా జీతం, బ్యాంకు, ఆదాయపు పన్ను అన్నీ తమ్ముడే చూసేవాడు. నేను సంతకాలు పెట్టేదాన్ని. అప్పుడు బొమ్మను మళ్లీ చూశాను. ఆమె కాళ్లకు కట్లు లేవు. ముందువైపు ఒక్క కత్తీ లేదు. ఆ వారం పాస్‌బుక్కు తెప్పించుకున్నాను. నా పాలసీల్లో ఒకదాని ప్రీమియం తేదీ కూడా నాకు తెలియదని అప్పుడు తెలిసింది. తమ్ముడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అడిగిన రోజే అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాడు. అడగడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఏ బొమ్మైనా ఎవరికైనా అతుకుతుంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు ఇచ్చినట్టుగా అందరికీ ఒకే పేరా ఇచ్చాడు. అందులోని వాక్యాలు ఎక్కువగా జాతకాల పుస్తకంలోంచి తీసినవి. ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. కాబట్టి మీరు రాసిన వాక్యానికి ఒక పరీక్ష పెట్టండి. దాన్ని, లేదా అలాంటిదాన్ని, గత నెలరోజుల్లో ఎవరితో, ఎక్కడ అన్నారో చెప్పగలగాలి. చెప్పగలిగితే అది మీది. చెప్పలేకపోతే అది బొమ్మది, వదిలేయండి.

తలకిందులుగా వచ్చిన ముక్కకు వేరే అర్థం చెప్పే పద్ధతి ఒకటుంది. ఈ పనికి అది అనవసరం, తిప్పి సరిగ్గా పెట్టుకుని చూడండి.

ఒంటరిగానా, మరొకరితోనా

దాచుకున్న పనిని మొదట ఒంటరిగానే చూసుకోవాలంటాను. ఎదుట మనిషి ఉంటే సిగ్గు ముందు వచ్చి కూర్చుంటుంది. నమ్మిన మాటకైతే పదేళ్లుగా మిమ్మల్ని ఎరిగిన స్నేహితుణ్ణో, స్నేహితురాలినో కూర్చోబెట్టుకోవడం ఒంటరితనం కన్నా మేలు. 'నాకు లెక్కలు రావు' అని నేనంటే, 'మరి చీటీల లెక్కలన్నీ నోటితో చెబుతావు కదే' అనేది వాళ్లే.

డబ్బు తీసుకుని టారో చూసేవాళ్ల దగ్గరికి వెళ్లాలా అంటే, నా అనుభవం ఒకటి చెబుతాను. రాత్రిళ్లు ఫోను వదల్లేకపోతున్నానని ఒకరి దగ్గర కూర్చున్నాను. డెవిల్ ముక్క వచ్చింది. ఎవరో గిట్టనివాళ్లు ఏదో చేయించారని, పరిహారం ఉందని, దానికి ఇంత అవుతుందని చెప్పారు. డబ్బు సంగతి అటుంచండి. నా చేతిలో ఉన్న లోపాన్ని తీసుకెళ్లి ముఖం తెలియని శత్రువు చేతిలో పెట్టారు, ఇక నేను చేయగలిగింది ఏమీ ఉండదు. మంచివాళ్లూ ఉన్నారు. తర్వాత ఒకామె గంటసేపట్లో నాకు చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: బొమ్మలో ఏం కనిపిస్తోందో మమ్మల్ని అడుగుతారా, మీరే చెబుతారా? మేమే చెబుతాం అంటే వద్దు. పరిహారం అనే మాట వస్తే ఇంకా వద్దు.

ముక్కలు అక్కర్లేని సందర్భాలు, ముక్కలు చాలని సందర్భాలు

రాసే అలవాటు ఉన్నవాళ్లకు టారో లేకపోయినా నడుస్తుంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమను కలచివేసిన సంఘటనల గురించి రాశారు. అలా రాయడం వల్ల కలిగే మేలు మీద అప్పటినుంచి ఎంతో పరిశోధన జరిగింది. పెన్ను పట్టగానే మాట వచ్చేవాళ్లు నోట్‌బుక్కే ఎంచుకోండి. ఖాళీ కాగితం ముందు చేయి కదలనివాళ్లకే బొమ్మ.

నమ్మకం లోతుగా, పాతగా ఉండి, దాని వెనుక దెబ్బలో, అవమానమో, హింసో ఉంటే ముక్కలతో తవ్వకండి. 1960ల్లో ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీ అనే మానసిక చికిత్స సరిగ్గా ఇలాంటి మాటల మీదే పనిచేస్తుంది. మనసులో దానంతటదే లేచే ఆలోచనను పట్టుకుని, దానికి సాక్ష్యం ఏమిటి, వ్యతిరేక సాక్ష్యం ఏమిటి అని ఒక్కొక్కటిగా చూస్తారు. బొమ్మ మాటను బయటకు రప్పించగలదు, దానితో అన్ని వారాలు కుస్తీ పట్టడానికి తోడు ఉండలేదు.

తాగుడు విషయం విడిగా చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఏదో ముక్క చూసి కదిలిపోయి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం దాకా పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మానాలన్న నిర్ణయం ఎక్కడైనా చేయండి, మానడం మాత్రం డాక్టరు చెప్పినట్టు చేయండి. తొమ్మిది కత్తులో, పది కత్తులో చూసినప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే పేక వెంటనే మూసేయండి, దగ్గరున్న మనిషికి చెప్పండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఒక ముక్కతో ఒక వారం

ఏ పేకైనా, ఏ పద్ధతైనా, ఒక ముక్కను ఒక వారం ఉంచాలి. రోజుకొకటి తీసేవాళ్లను చూశాను, నెలకు ముప్పై లోపాలు తేలతాయి, ఒక్కదాని దగ్గరా నిలబడరు. నేను ముక్కను బీరువా తలుపు లోపలివైపు అంటిస్తాను. బట్టలు తీసుకునేటప్పుడు నాకు కనిపిస్తుంది, ఇంటికి వచ్చినవాళ్లకు కనిపించదు. రోజూ రాత్రి దాని ముందు నిలబడి ఒక్క వాక్యం రాస్తాను.

ఐదు కత్తులతో గడిపిన వారంలో మొదటి మూడురోజులూ నేను రాసినవి నవ్వుతున్నవాడి గురించే. నాలుగో రోజు చివర్న, నీళ్ల దగ్గర నిలబడ్డ మనిషిని చూశాను. చాలా చిన్న బొమ్మ. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు. మూడురోజులూ అక్కడే ఉన్నాడు, నేనే చూడలేదు. ఆ రాత్రి వాక్యం రాయలేదు, ఒక పేరు రాశాను. మర్నాడు భోజనాల దగ్గర మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను. ఆరో రోజు అరిచాను. అదీ రాశాను.

ఎనిమిదో రోజు ముక్కను పేకలో కలిపేస్తాను. అదే లోపం మీద మళ్లీ కూర్చోవాలనిపిస్తే కనీసం నెల గడవనిస్తాను. ఈలోగా చదువుకోవడానికి ఆ ఏడు వాక్యాలూ ఉంటాయి.